కలంతో వచ్చినవారు... కత్తి పట్టినవారు

ఒకే భాష, ఒకే దేవుళ్లు, ఒకే కాలం. మలయాకు (నేటి మలేసియాకు) వలస వెళ్లిన రెండు తమిళ సమూహాల్లో ఒకటి రెండు మూడు తరాల్లోనే డాక్టర్లను, లాయర్లను, ఒక కుబేరుణ్ని కన్నది. రెండోది అన్ని తరాలూ రబ్బరు తోటలోనే గడిపి, తోట పోయాక రోడ్డున పడింది. ఇంత తేడా ఎక్కడొచ్చింది?

తెల్లవారుజామున ఐదున్నర. తోటలో ఇంకా చీకటి వీడలేదు. గంట మోగగానే లైను ఇళ్లలోంచి ఆడామగా తలకు గుడ్డ చుట్టుకుని, చేత కత్తి, భుజాన బకెట్ల కావడితో వచ్చి వరసగా నిలబడతారు. ఈ హాజరు పిలుపును తోట భాషలో ‘పెరట్టు’ అంటారు. లాంతరు వెలుతురులో ఒకాయన పుస్తకం తెరుస్తాడు. ఇస్త్రీ చొక్కా, పొడుగు లాగు, జేబులో కలం. పేరు పిలిచినప్పుడు పలికితే ఆ రోజు కూలి. ఆలస్యమైతే వెనక్కి.

పలికినవాళ్లు చెట్ల వరసల్లోకి వెళ్లిపోతారు. కల్లుగీతకు తాటిచెట్టు ఎక్కాలి. రబ్బరు గీతకు ఎక్కక్కర్లేదు కానీ, రోజుకు మూడు నాలుగు వందల చెట్ల చుట్టూ తిరగాలి. బెరడు మీద ఏటవాలుగా, గోరంత మందాన చెక్కు తీయాలి. కత్తి లోతుకు దిగితే చెట్టు పాడవుతుంది, పైపైన పోతే పాలు రావు. ఎండ ముదిరితే ధార ఆగిపోతుంది. అందుకే అంత చీకట్నే పిలుపు. వాన పడితే గీత లేదు. గీత లేకపోతే కూలీ లేదు.

కలం జేబులో పెట్టుకున్నాయన కూడా సముద్రం దాటి వచ్చినవాడే. ఆయన మాట్లాడేదీ తమిళమే, మొక్కేదీ మురుగన్‌కే. కాకపోతే ఆయనది ఉత్తర సిలోన్‌లోని (నేటి శ్రీలంక) జాఫ్నా. వరసలో నిలబడ్డవారిది తంజావూరు, తిరుచ్చి, ఉత్తర ఆర్కాటు. అక్కడక్కడా మన విశాఖ జిల్లా. ఆయన్ని ‘కిరాణి’ అంటారు, అంటే గుమాస్తా. తోటల్లో ఈ కొలువు చాలాచోట్ల మలయాళీలకు, కొన్నిచోట్ల జాఫ్నా తమిళులకు దక్కేది. రైల్వే, సర్వే, ప్రజాపనుల శాఖల్లోనైతే జాఫ్నావారిదే హవా.

హాజరు పుస్తకానికి అటూ ఇటూ నిలబడ్డ ఈ రెండు కుటుంబాల మనవళ్లు ఎక్కడ తేలారో చూస్తే, వలసల గురించి మనం తేలిగ్గా చెప్పేసుకునే మాటలు కొన్ని నిలబడవు.

జాఫ్నా పెట్టుబడి

జాఫ్నా ద్వీపకల్పం వాననీళ్లు, బావినీళ్లు నమ్ముకున్న మెట్ట నేల. పొగాకు, కూరగాయలు, తాటిచెట్లు తప్ప గొప్ప సంపద లేదు. 1816లో అక్కడ అమెరికా మిషనరీలు దిగారు. 1823లో వడ్డుకోట్టైలో బట్టికోటా సెమినరీ, ఆ మరుసటి ఏడాదే ఉడువిల్‌లో ఆడపిల్లలకు వసతి పాఠశాల పెట్టారు. మతం కోసం పెట్టిన బడులే అయినా ఊరు వాటిని ఇంగ్లిషు కోసం వాడుకుంది. పోటీగా శైవుల బడులూ వెలిశాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరికి జాఫ్నాలో ఇంగ్లిషు చదివిన కుర్రాళ్లు ఎక్కువ, వాళ్లకు సరిపడా ఉద్యోగాలు తక్కువ.

సరిగ్గా అప్పుడే మలయాలో రైలు పట్టాలు పడుతున్నాయి. అక్కడి తొలి రైలుమార్గం తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్ దాకా 1885లో మొదలైంది. లెక్కలు రాసేవాళ్లు, కొలతలు వేసేవాళ్లు, స్టేషన్ మాస్టర్లు కావాలి. ఇంగ్లండు నుంచి తెప్పిస్తే ఖర్చు. జాఫ్నా కుర్రాడైతే ఇంగ్లిషు రాస్తాడు, తక్కువ జీతానికి పనిచేస్తాడు, ఎండకు తట్టుకుంటాడు. ఒకడు వెళ్లి కుదురుకుంటే తమ్ముణ్ని, బావమరిదిని పిలిపించుకునేవాడు. అలా ఊళ్లకు ఊళ్లే కదిలాయి. మలయా మనియార్డర్లతో జాఫ్నాలో పెంకుటిళ్లు లేచాయి, గుళ్లకు గోపురాలు వచ్చాయి, కట్నాలూ పెరిగాయి.

కౌలాలంపూర్‌లో రైల్వే యార్డు పక్కన ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్ వారి అడ్డా అయింది. అక్కడ జాఫ్నా నల్లూరు గుడి పోలికలతో కందస్వామి కోవెల కట్టుకున్నారు. 1904లో వివేకానంద ఆశ్రమం వెలిసింది. తమ సహకార సంఘం పెట్టుకుని పొదుపు చేశారు, పిల్లల చదువులకు అప్పులిచ్చుకున్నారు. నెల జీతం, సర్కారు క్వార్టరు, చివర పింఛను. నడిచి వెళ్లే దూరంలో ఇంగ్లిషు బడి.

ఆ వీధుల్లోనే 1938లో ఓ జాఫ్నా ఉద్యోగి ఇంట్లో ఆనంద కృష్ణన్ పుట్టాడు. బ్రిక్‌ఫీల్డ్స్‌లోని తమిళ బడి, తర్వాత విక్టోరియా ఇన్‌స్టిట్యూషన్, ఆపైన మెల్‌బోర్న్, హార్వర్డ్. కౌలాలంపూర్ నడిబొడ్డున 452 మీటర్ల పెట్రోనాస్ జంట శిఖరాలు లేచిన ప్రాజెక్టు వెనక ఉన్నది ఆయనే. మ్యాక్సిస్, ఆస్ట్రో కంపెనీలు ఆయనవే. మన దగ్గర ఒకప్పుడు చాలామంది జేబుల్లో ఉన్న ఎయిర్‌సెల్ సిమ్ కార్డు వెనక పెట్టుబడి కూడా ఆయనదే. 2024 నవంబరులో కన్నుమూశాడు. సింగపూర్ తొలి విదేశాంగ మంత్రి రాజరత్నం పుట్టింది వడ్డుకోట్టైలో, పెరిగింది మలయాలోని సెరంబన్‌లో. 2023లో సింగపూర్ అధ్యక్షుడైన ధర్మన్ షణ్ముగరత్నం మూలాలూ సిలోన్ తమిళులవే. 1957 నాటికి మలయాలో వీళ్ల సంఖ్య సుమారు పాతిక వేలు. అంత చిన్న గుంపు నుంచి ఇంతమంది!

కంగాణీ బయానా

ఇక రెండో గుమ్మం, కూలీలది. 1877లో బ్రెజిల్ విత్తనం నుంచి మొలిచిన 22 రబ్బరు మొక్కలు లండన్ మీదుగా సింగపూర్ చేరాయి. మోటారు కార్లు వచ్చాక టైర్లకు రబ్బరు కావలసి వచ్చింది. 1905 తర్వాత మలయా అడవులు నరికి తోటలు వేయడం ఊపందుకుంది. పనికి వేలు, లక్షల చేతులు కావాలి.

చేతులు తెచ్చే పని కంగాణీది. తోటలో నమ్మకస్తుడైన కూలీని దొర సొంత ఊరికి పంపేవాడు. వాడు మెడలో గొలుసు, చేతికి గడియారంతో దిగి, కరవులో ఉన్న చుట్టపక్కాలకు బయానా ఇచ్చి, నాగపట్నంలోనో మద్రాసులోనో ఓడ ఎక్కించేవాడు. తలకింత కమీషన్. తోటకు చేరాకా, తన మనుషులు పనికొచ్చిన ప్రతి రోజుకూ తలకింత. అందువల్ల జ్వరమొచ్చినవాణ్నీ పెరట్టుకు లాక్కొచ్చే అవసరం కంగాణీకి ఉండేది. దొర కొరడా పట్టాల్సిన పనే లేదు.

1920ల చివర్లో ప్రామాణిక కూలి మగవాళ్లకు రోజుకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40. ఆ తర్వాత ఆర్థిక మాంద్యంలో అదీ కోసేశారు. ఉండేది తోటవాళ్లిచ్చిన లైను గదిలో. కొనేది తోట కొట్లో. తాగేది తోట కల్లు దుకాణంలో. ఇచ్చిన కూలిలో కొంత అలా వెనక్కి వచ్చేది. భారత ప్రభుత్వం ఈ కూలీల ఎగుమతిని 1938లో ఆపేదాకా బండి ఇలాగే నడిచింది.

రెండు బడులు

బడి ఈడు పిల్లలు పదిమందికి మించిన తోటలో బడి పెట్టాలని 1923 కార్మిక చట్టం చెప్పింది. దొరలు పెట్టారు. షెడ్డు లాంటి గది, అన్ని తరగతులకూ కలిపి ఒకే పంతులు. చాలాచోట్ల ఆ పంతులు కంగాణీయో, గుమాస్తాయో. తమిళంలో నాలుగో ఆరో తరగతులు. ఆ తర్వాత ఏమిటి? ఇంగ్లిషు బడి పట్నంలో ఉంది, పట్నం పది మైళ్ల దూరం, ఫీజు వేరే. పన్నెండేళ్లకే పిల్లవాడు కలుపు తీసే ముఠాలో చేరిపోతాడు. తల్లిదండ్రులిద్దరూ చీకట్నే గీతకు పోతే, చంటివాళ్లను చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది.

ఈ బడి దారి తోటలోంచి బయల్దేరి మళ్లీ తోటలోకే వచ్చేది. బ్రిక్‌ఫీల్డ్స్ బడి దారి కేంబ్రిడ్జి పరీక్ష మీదుగా సర్కారు ఆఫీసుకూ, వైద్య కళాశాలకూ పోయేది. పొదుపు కథా ఇంతే. నెల జీతం, పింఛను ఉన్నవాడు దాచుకోగలడు. వాన పడితే కూలి పోయేవాడు ఏం దాస్తాడు?

సైకిలు దిగం!

‘జాఫ్నావాళ్లు పొదుపరులు, చదువరులు. తోటవాళ్లు తాగుబోతులు, అందుకే బాగుపడలేదు’. మలేసియాలో నేటికీ వినబడే మాట ఇది. దీనికి జవాబు 1941లో తోటకూలీలే ఇచ్చారు.

ఆ ఏడాది క్లాంగ్ ప్రాంతపు తోటల్లో పెద్ద సమ్మె జరిగింది. కూలీల కోరికల జాబితా ఇప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. చీనా కూలీలతో సమానంగా కూలి ఇవ్వాలి. పిల్లలకు సరైన చదువు కావాలి. ఆడవాళ్లను చెరచడం ఆగాలి. దురుసు దొరలను, ఆసియా సిబ్బందిని మార్చాలి. దొర గానీ, గుమాస్తా గానీ ఎదురైనప్పుడు సైకిలు దిగాల్సిన పని లేకుండా చేయాలి. ఆ జాబితాలోనే ఇంకొకటి ఉంది: తోటల్లో కల్లు దుకాణాలు మూసేయాలి.

తాగుబోతులని పేరు పడ్డవాళ్లే కల్లు దుకాణాలు మూయమన్నారు. చదువు మీద శ్రద్ధ లేదని పేరు పడ్డవాళ్లే బడి కావాలన్నారు. సర్కారు సైన్యాన్ని దింపింది. కాల్పుల్లో కూలీలు చనిపోయారు. నాయకుడు ఆర్.హెచ్. నాథన్‌ను దేశం నుంచి పంపేశారు. సైకిలు దిగాల్సింది గుమాస్తాకు కూడానన్న ఆ ఒక్క ముక్క చాలు, ఒకే భాష మాట్లాడే రెండు సమూహాల మధ్య ఎంత ఎడం ఉండేదో తెలియడానికి. అదే ఏడాది డిసెంబరులో జపాన్ సైన్యం వచ్చింది. సయాం–బర్మా రైలుమార్గం పనికి తోటల నుంచి పట్టుకుపోయినవారిలో వేల మంది తిరిగి రాలేదు.

కాగితం ఉన్నవాడు, లేనివాడు

1957 ఆగస్టు 31న మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వం కావాలంటే దరఖాస్తు పెట్టాలి. పుట్టిన తేదీ, వచ్చిన తేదీ రుజువు చేయాలి. జీవితమంతా కాగితాల మధ్యే బతికిన గుమాస్తా కుటుంబానికి ఇది ఒక పూట పని. లైను ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టిన బిడ్డకు జనన పత్రం ఎక్కడిది? 1960ల చివర్లో పౌరులు కానివాళ్లకు పని అనుమతి తప్పనిసరి చేశారు. సుమారు 60 వేల మంది భారతీయ కూలీలు, అందులో చాలామంది ఎన్నడూ చూడని ‘సొంత’ ఊళ్లకు ఓడ ఎక్కారు.

ఈలోగా తెల్ల కంపెనీలు తోటలను ముక్కలు చేసి అమ్ముకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు మంత్రిగా ఉన్న వి.టి. సంబంధన్ 1960లో ఓ సహకార సంఘం స్థాపించి, కూలీల దగ్గర నెలనెలా చిన్న వాయిదాల్లో వాటాధనం సేకరించి తోటలు కొనిపించారు. ఆయన తండ్రి రబ్బరు తోటల యజమాని. కూలీలకూ పొదుపు తెలుసని ఆ పని నిరూపించింది. కానీ అమ్ముడుపోతున్న తోటలతో పోలిస్తే అది చెరువులో చెంబెడు.

1969 మే 13 నాటి మలయ్–చీనా అల్లర్ల తర్వాత 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. పేదరికం తగ్గించాలన్నది ఒక లక్ష్యం. కంపెనీల వాటాల్లో 30 శాతం మలయ్‌లకు, ఇతర భూమిపుత్రులకు చేర్చాలన్నది ఇంకొకటి. కళాశాలల్లో, కొలువుల్లో కోటాలు వచ్చాయి. ఇది జాఫ్నావారికీ దెబ్బే. వాళ్ల సర్కారు కొలువుల కోట కూలింది. అయితే అప్పటికే వాళ్ల పిల్లలు వైద్యం, న్యాయం, లెక్కల వృత్తుల్లోకి మళ్లారు. కొందరు ఆస్ట్రేలియాకు, బ్రిటన్‌కు వెళ్లిపోయారు. తోటవారికి మళ్లడానికి ఇంకో మెట్టు లేదు. సర్కారు భూమి పంచిన ఫెల్డా పథకంలోనూ వారికి దక్కింది నామమాత్రం.

తోట పోయాక

1980ల నుంచి రబ్బరు స్థానంలో పామాయిల్ తోటలు, పట్నాలకు దగ్గర్లో అయితే కాలనీలు, గోల్ఫు మైదానాలు వచ్చాయి. పని తోటదే, ఇల్లు తోటదే, బడి, గుడి కూడా తోట నేల మీదే. పని పోతే ఒక్క నోటీసుతో నాలుగూ పోయాయి. లక్షల మంది పట్నాల అంచుల్లో గుడిసెల్లోకి, తర్వాత ఇరుకు ఫ్లాట్లలోకి చేరారు. వారి స్థానంలో తోటల్లోకి ఇండొనేసియా, బంగ్లాదేశ్ కూలీలు వచ్చారు.

దాని ఫలితాలు లెక్కల్లో కనిపిస్తాయి. కంపెనీల వాటాల్లో భారతీయుల భాగం 1970లో 1 శాతం చుట్టూ ఉంది, 2000ల్లోనూ 1 శాతం చుట్టే తిరిగింది. 2013లో మలేసియా ప్రభుత్వం 49 ముఠాలను నిషేధిస్తూ సుమారు 40 వేల మంది సభ్యులున్నారని చెప్పింది. అందులో 28 వేలకు పైగా భారతీయులే. జనాభాలో చూస్తే వారు 7 శాతం లోపే. తోట పోయిన తండ్రి కడుపున పుట్టి, బడి మధ్యలో మానేసిన పిల్లవాణ్ని ఎవరు ముందు పిలిస్తే వారి వెంట వెళ్లాడు.

గుళ్ల కూల్చివేతలతో రగిలిన కోపం 2007 నవంబరు 25న కౌలాలంపూర్ వీధుల్లో బద్దలైంది. హిందువుల హక్కుల వేదిక హింద్రాఫ్ పిలుపుపై వేల మంది బాష్పవాయువు, నీటి ఫిరంగుల మధ్య నిలబడ్డారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఎన్నికల్లో పాలక కూటమి మూడింట రెండొంతుల బలం పోగొట్టుకుంది. దశాబ్దాలు మంత్రిగా ఉన్న సామి వేలు ఓడిపోయాడు. ఆయన కూడా రబ్బరు గీత కార్మికుల బిడ్డే. మెట్టు దొరికిన ఒక్కడు పైకెక్కితే వెనక ఉన్నవారందరికీ నిచ్చెన వేసినట్టు కాదని ఆయన కథ చెబుతుంది.

అన్నట్టు, మలేసియా జనాభా లెక్కల్లో జాఫ్నా మనవడు, తోట మనవడు ఇద్దరూ ‘ఇండియన్లు’ అనే ఒకే గడిలో ఉంటారు. ఆనంద కృష్ణన్ ఆస్తిని, పేరు లేని గీత కార్మికుడి అప్పును కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరిది?

మనవాళ్లు ఏ వరసలో?

ఉత్తరాంధ్రలో ఒకప్పుడు వలస అంటే రంగమే, అంటే రంగూనే. అక్కడికి వెళ్లినంతమంది కాకపోయినా, మలయాకూ తెలుగువారు వెళ్లారు. ఎక్కువమంది విశాఖ, శ్రీకాకుళం వైపువారు. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ డాటో కొబ్బరి తోటలు వారి స్థావరం. నేటికీ మలేసియా పేర్లలో అప్పలస్వామి, సింహాచలం, సన్యాసి వినబడితే ఆ ఇంటి మూలం ఏ జిల్లానో అడగక్కర్లేదు.

వారు నిలబడింది కత్తి వరసలోనే. పైగా ఇంకో నష్టం. తోట బడి తమిళ బడి. కొన్ని తోటల్లో పెట్టుకున్న తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పిల్లలు బడిలో తమిళం, బజారులో మలయ్, ఇంట్లో అమ్మమ్మతో తెలుగు. అమ్మమ్మ పోతే తెలుగూ పోయింది. రామమందిరాలు, నామాలు, ఉగాది, ఇంటిపేరులా చేర్చుకున్న ‘నాయుడు’ మాత్రం నిలిచాయి. 1955లో మొదలైన ఆంధ్ర సంఘం ఊరూరా తెలుగు తరగతులు పెట్టి ఆ తీగను పట్టుకుంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే.

ఇంకో రుజువు

తేడా పుట్టుకలో ఉందా, దిగిన గుమ్మంలో ఉందా? శ్రీలంకలోనే తేల్చుకోవచ్చు. అక్కడా రెండు తమిళ సమూహాలున్నాయి. జాఫ్నావారిది ఒకటి, తేయాకు తోటలకు దక్షిణ భారతం నుంచి కంగాణీలు తీసుకెళ్లిన మలైనాటివారిది ఇంకొకటి. అక్కడా కంగాణీయే, లైను ఇల్లే, తోట బడే. 1948 పౌరసత్వ చట్టంతో అక్కడి తోట తమిళుల్లో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. ఇప్పటికీ ఆ దేశపు అతి పేదల్లో వారున్నారు. రెండు దేశాల్లోనూ కంగాణీ గుమ్మం ఒకే ఫలితం ఇచ్చింది. తంజావూరు మట్టిలో లోపం ఉంటే, అదే మట్టి నుంచి మద్రాసు పోయి చదువుకున్నవారు హైకోర్టు జడ్జీలు ఎలా అయ్యారు?

జాఫ్నావారి శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. కడుపు కట్టుకుని పిల్లల్ని చదివించారు, ఒకరికొకరు చేయిచ్చుకున్నారు. అయితే ఆ శ్రమకు ఫలం అందే చోట వాళ్లు నిలబడ్డారు. తోటవాళ్లు అంతకు రెండింతల శ్రమ చేశారు. ఆ ఫలం లండన్‌లో కంపెనీ వాటాదారుల ఇళ్లకు చేరింది.

మన గడపలో

ఇదంతా పాత కథ, పరాయి కథ అనుకుంటే ఒకసారి మన ఊళ్లు చూడండి. ఒకే మండలం నుంచి ఒక కుర్రాడు ఇంజినీరింగ్ చదివి అమెరికా విశ్వవిద్యాలయం ఉత్తరంతో విమానం ఎక్కుతాడు. ఇంకో కుర్రాడు జగిత్యాలలోనో సిరిసిల్లలోనో ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి, దుబాయ్ విమానం ఎక్కుతాడు. రాజంపేట వైపు నుంచి ఓ తల్లి పసిపిల్లను అమ్మ దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళుతుంది. మొదటివాడు భార్యాపిల్లల్ని తీసుకెళ్లగలడు, ఉద్యోగం మారగలడు, ఇల్లు కొనుక్కోగలడు. రెండోవాడు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మాట కాదని పని మారడం కష్టం, ఎన్నేళ్లున్నా ఆ దేశపు పౌరుడు కాలేడు. ఇరవై ఏళ్ల తర్వాత ఒకరి పిల్లలు అక్కడ డాక్టర్లయితే, ఇంకొకరి పిల్లలు ఇక్కడ అప్పు తీరుస్తుంటే, ‘వాడు తెలివైనవాడు, వీడికి బుద్ధి లేదు’ అని అరుగు మీద తీర్పు చెప్పేస్తాం.

పోలిక పెట్టే ముందు ఇద్దరూ ఏ కాగితంతో, ఎవరి అప్పుతో వెళ్లారో అడగాలి. ఆ కాగితం ఏమిటో మన ప్రభుత్వమే తేల్చి చెబుతోంది. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు వలస తనిఖీ అక్కర్లేదు. పాస్ కానివారు గల్ఫ్ సహా పద్దెనిమిది దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. జాఫ్నాలో ఉడువిల్ బడి తెరిచి రెండొందల ఏళ్లు దాటింది. నేటికీ మనవాళ్లు ఏ గుమ్మంలోంచి దేశం దాటాలో నిర్ణయిస్తున్నది పదో తరగతి సర్టిఫికెట్టే.